మెరుగు పెట్టిన పదకొండు నాణేలు

లోకంలో తనకు తప్ప ఇంకెవరికీ పని రాదని నమ్మేవాళ్ళను వరసగా కూర్చోబెడితే, మన మెరుగాయన ముందు వరసలో, అదీ కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాడు. అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. కొట్టు బోర్డు మీద "మెరుగు పెట్టబడును" అని ఉంటుంది కాబట్టి మెరుగాయన అయిపోయాడు. తలుపుల పిడులు, ఆటల పోటీల్లో ఇచ్చే కప్పులు, ఆఫీసు గుమ్మాల ముందుండే ఇత్తడి పలకలు, బ్యాండు వాళ్ళ బాకాలు, ఏది తెచ్చినా తిరిగే చక్రానికి ఆనించి అద్దంలా చేసి ఇస్తాడు. నలభై ఏళ్ళుగా అదే పని. బాగా చేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. చిక్కేమిటంటే మనకంటే ముందే ఆయన ఒప్పేసుకుంటాడు.

ఎదురు కొట్టులో తాళాలు బాగుచేసేవాడు ఆయన లెక్కలో చేతకానివాడు. పక్కింటి లెక్కల మాస్టారు నోటితో బతికే మనిషి. డాక్టరు అదృష్టం బాగుండి నెట్టుకొస్తున్నవాడు. ఇక కన్నతండ్రి సంగతి వస్తే మెరుగాయన ఒక నిట్టూర్పు విడిచి, "పాపం, మంచివాడే, ఏమీ తెలియదు" అనేవాడు. తండ్రి బతికున్నప్పుడూ అదే మాట, పోయాకా అదే మాట.

ఆ తండ్రి నది మీది వంతెన దగ్గర సుంకం వసూలు చేసే గదిలో ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. బళ్ళవాళ్ళు ఇచ్చే చిల్లరలో ఎప్పుడైనా పాత రాజుగారి తల ఉన్న వెండి నాణెం కనబడితే, అంతే విలువ గల మామూలు నాణెం తన జేబులోంచి తీసి పెట్టెలో వేసి, దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. ఒక్కోదాన్ని మెత్తటి కాగితంలో చుట్టి దగ్గుబిళ్ళల రేకు డబ్బాలో దాచేవాడు. ఏడాదికి ఒకసారి తీసి, అంచులు మాత్రమే వేళ్ళ మధ్య పట్టుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుని మళ్ళీ చుట్టి పెట్టేసేవాడు. తోమడం లేదు, తుడవడం లేదు.

మెరుగాయన తొమ్మిదేళ్ళ వయసులో తండ్రిని మెప్పిద్దామని అందులోంచి ఒక నాణేన్ని తీసి పళ్ళపొడితో తళతళలాడేలా తోమాడు. జన్మలో చెయ్యెత్తని తండ్రి ఆరోజు చెంప మీద ఒక్కటిచ్చాడు. "నాణెం మొహం ముట్టుకోకూడదురా" అని, మర్నాడు ఆ తళతళలాడే నాణేన్ని ఎవరికో చిల్లరలో ఇచ్చేశాడు. ఆ దెబ్బ మెరుగాయన ఇప్పటికీ మరిచిపోలేదు. వెండి చేతిలో పెట్టుకుని నల్లబడనిచ్చిన మనిషికి లోహం గురించి ఏం తెలుస్తుందని ఆనాడే తేల్చేసుకున్నాడు. ఆ తర్వాత బతుకంతా మెరుగు పెట్టడానికే అంకితం చేశాడు.

తండ్రి పోయాక డబ్బాలో పన్నెండు నాణేలు మిగిలాయి. పెద్దవాడు కాబట్టి డబ్బా మెరుగాయన దగ్గరే ఉండిపోయింది. ఆయనకు ఒక్కతే చెల్లెలు. భర్త పోయి ఆరేళ్ళయింది. బట్టల కొట్టు వెనక గదిలో కూర్చుని కొన్నవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేయడం, చొక్కాల చేతులు బిగించడం ఆమె పని. ఆ కొట్టు మూసేస్తున్నామని యజమాని చెప్పేశాడు. వీధి మలుపులో ఒక చిన్న గది ఖాళీగా ఉంది. మిషను వేసుకుని సొంతంగా కూర్చుంటే నాలుగు మెతుకులకు లోటుండదు. గది వాళ్ళు పాతిక వేలు అడ్వాన్సు అడిగారు. వచ్చే నెలాఖరు దాకా ఆగుతామన్నారు, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆగమన్నారు. ఆమె చేతిలో ఎనిమిది వేలున్నాయి. మిగతాది ఆ డబ్బాలోంచే రావాలి.

అన్నాచెల్లెళ్ళిద్దరూ డబ్బా పట్టుకుని పాత నాణేల వ్యాపారి దగ్గరికి వెళ్ళారు. ఆయన మెడలో రెండు జతల కళ్ళద్దాలు వేలాడుతుంటాయి. కాగితాలు విప్పి ఒక్కోటీ చూశాడు, కానీ ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు.

"ఇలాగే ఇచ్చేస్తే పన్నెండుకీ కలిపి పద్దెనిమిది వేలిస్తానండి" అన్నాడు. "అంటే చెరి తొమ్మిది. గ్రేడింగు చేయించి తెచ్చారనుకోండి, ఇంతకు మూడు రెట్లు పలకొచ్చు. పలక్కపోనూవచ్చు. రుసుము మాత్రం మీరే కట్టుకోవాలి, నాణేనికి ఇంత అని."

"గ్రేడింగంటే ఏం చేస్తారండి?" చెల్లెలు అడిగింది.

"నాణేన్ని లెన్సు కింద పరీక్ష చేసి, ఎంత బాగుందో చెప్పే అంకె వేస్తారమ్మా. ఒకటి నుంచి డెబ్బై దాకా. గట్టి ప్లాస్టిక్ పలకలో పెట్టి సీలు వేసి, పైన ఆ అంకె రాస్తారు. ఇక కొనేవాడు మిమ్మల్ని నమ్మక్కర్లేదు, నన్నూ నమ్మక్కర్లేదు."

మెరుగాయన నవ్వాడు. "డెబ్బై దాకానేనా? వంద దాకా లెక్కపెట్టడం రాదా వాళ్ళకి?"

వ్యాపారి నవ్వలేదు. నాణేలు మళ్ళీ చుడుతూ, "ఇంకో మాటండీ. అమ్మినా, గ్రేడింగుకి ఇచ్చినా వీటిని మాత్రం తుడవకండి. నీళ్ళు కూడా తగలనివ్వకండి" అన్నాడు.

ఆ మాట మెరుగాయనకు ముల్లులా గుచ్చుకుంది. బయటికొచ్చి పది అడుగులు వేశాడో లేదో మొదలుపెట్టాడు.

"విన్నావా వాడి తెలివి? మురికిగా ఉంటేనే కదా తక్కువకి అడగొచ్చు. తుడవకండట. నలభై ఏళ్ళుగా లోహంతో కాపురం చేస్తున్న నాకు చెప్తున్నాడు, మెడలో అద్దాలు వేలాడేసుకున్న ప్రతివాడూ."

"ఆయనకేం లాభం అన్నయ్యా? గ్రేడింగు చేయించుకొమ్మని ఆయనే చెప్తున్నాడుగా" అంది చెల్లెలు. "చేయిద్దాం. తొమ్మిది వేలతో నా గది రాదు."

"చూడమ్మా, నాణెం బాగుందో లేదో చెప్పడానికి ఎవడికో డబ్బులెందుకివ్వాలి? నన్నడుగు, ఊరికే చెప్తాను." డబ్బా తెరిచి వేలితో కెలికి ఒక కాగితం పైకి తీసి విప్పాడు. అందులోది ఇనుమో వెండో తేల్చుకోలేనంత నల్లగా ఉంది, నలుపులో అక్కడక్కడ నీలం, ఊదా చాయలు. "దీనికీ రుసుము కట్టమంటావా? దీన్ని తోమినా తోమినవాడికే సిగ్గు. ఇదిగో, ఇది నీకే ఇస్తున్నాను. కుట్టు మిషను కాలు కింద పెట్టుకో, ఊగకుండా ఉంటుంది."

ఆమె కాగితంతో సహా తీసుకుని చేతిసంచిలో గుండీలు వేసుకునే చిన్న డబ్బీలో పడేసింది. తండ్రి వస్తువు వీధిలో పారేయడం ఆమెకిష్టం లేదు, అంతే.

ఆ తర్వాత మూడు వారాలు ఒకటే రచ్చ. చెల్లెలు వారానికి రెండుసార్లు వచ్చి అడిగేది, మెరుగాయన వారానికి రెండుసార్లు ఉపన్యాసం ఇచ్చేవాడు. అంకెలు వేసేవాళ్ళ మీద, ప్లాస్టిక్ పలకల మీద, ఆ పలకను కొనే వెర్రివాళ్ళ మీద ఆయనకున్న చిన్నచూపు ఒక గంటలో అయ్యేది కాదు. "నాణెం కొంటున్నారా, డబ్బీ కొంటున్నారా?" అనేవాడు. ఈ ఒక్క ప్రశ్నతో లోకం నోరు మూయించానని ఆయన నమ్మకం. ఆయన భార్య కూరగాయలు తరుగుతూ వింటూ ఉండేది. ఒకరోజు మాత్రం తల ఎత్తకుండానే, "గది పోతే మీ చెల్లెలు మన ముందు గదిలో మిషను వేసుకుంటుంది లెండి, మీ మాటలు వింటూ హాయిగా కుట్టుకుంటుంది" అంది.

ఆ మాటతో మెరుగాయన దిగొచ్చాడు. "సరే, నీ బాధ చూడలేకపోతున్నాను" అని చెల్లెలికి కబురు చేశాడు. బాధ ఆమెదా తనదా అన్నది మనకనవసరం. వచ్చే సోమవారం ఇద్దరూ బస్సెక్కి గ్రేడింగు ఆఫీసుకి వెళ్ళడం ఖాయమైంది.

ఖాయమయ్యాక ఆయన బుర్రలో ఆలోచన మొదలైంది. వాళ్ళెవరో అంకె వేస్తారు, బాగానే ఉంది. అంకె వేసేవాడి ముందుకు మాసిన మొహంతో పంపడం ఏమిటి? ఫొటో తీయించుకోవడానికి వెళ్ళినా మొహం కడుక్కుని వెళ్తాం. పైగా ఇది ఆ పెద్దమనుషులకు కూడా ఒక పరీక్ష. తన చెయ్యి పడిందని కనిపెట్టలేకపోతే వాళ్ళకేమీ రాదని తేలిపోతుంది, నాణేలకేమో మంచి అంకె పడుతుంది. ఎటు చూసినా తనదే గెలుపు. కనిపెడితే ఏమిటన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. అలాంటి సంగతులు ఆయనకు తట్టి ఉంటే ఈ కథే లేదు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు తలుపు సగం దించి కూర్చున్నాడు. చక్రం మీద పెట్టలేదు, అంత మూర్ఖుడు కాడు. ముఖానికి రాసుకునే పొడికంటే మెత్తగా నూరిన సున్నపు పొడి, రెండు చుక్కల నీళ్ళు, వాడి వాడి పట్టుబట్టలా అయిపోయిన తోలుముక్క. చూపుడువేలి కొసతో, ఒకే వైపు, ఊపిరి బిగబట్టి. రాజుగారి ముక్కు పక్క మడత కోసం అగ్గిపుల్ల కొసకు తోలు చుట్టాడు. చుట్టూ ఉన్న అక్షరాల మధ్య మురికిని ఒక్కో అక్షరం చుట్టూ తిరిగి తీశాడు. పదకొండు నాణేలకు నాలుగు గంటలు పట్టింది. బాకాలకూ కప్పులకూ ఇంత శ్రద్ధ ఎన్నడూ పెట్టలేదు. చివరికి బల్ల మీద వరసగా పేర్చి చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న ఇప్పుడు చూడాలి అనుకున్నాడు. యాభై ఏళ్ళ నాటి ఆ చెంపదెబ్బకు ఇదే జవాబు అనుకున్నాడు. కొత్త కాగితాల్లో చుడితే అనుమానం వస్తుందని మళ్ళీ పాత కాగితాల్లోనే చుట్టి డబ్బాలో పెట్టాడు.

సోమవారం బస్సులో చెల్లెలు ఒకసారి డబ్బా అడిగి మూత తీసింది. లోపలికి చూసి, ఏ కాగితమూ విప్పకుండా, మూత పెట్టి ఇచ్చేసింది. మిగతా దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. గది గురించి బెంగ పెట్టుకుందనుకున్నాడు మెరుగాయన.

గ్రేడింగు ఆఫీసు ఒక మేడలో రెండో అంతస్తులో ఉంది. పొడుగాటి బెంచీ, గోడకు గడియారం, గాజు పలక వెనక ఒక నడివయసు ఆవిడ. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుంది. నాణేలు రుసుము కట్టి లోపలికి పంపే ముందు ఆవిడే ఒకసారి చూసి, పనికొచ్చేవీ రానివీ వేరు చేస్తుంది. పనికిరాని వాటికి రుసుము వృథా కాకుండా ఈ ఏర్పాటు.

"గుమాస్తాకి కూడా లెన్సిచ్చి కూర్చోబెట్టారు" అన్నాడు మెరుగాయన చెల్లెలి చెవిలో.

ఆవిడ మొదటి కాగితం విప్పింది. నాణేన్ని చేత్తో అదిమి పట్టుకోలేదు. అంచులు మాత్రమే రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కిటికీ వైపు తిప్పి, అటూ ఇటూ మెల్లగా వంచింది. అచ్చం తండ్రి పట్టుకున్నట్టే. మెరుగాయన గోడ గడియారం వైపు చూపు తిప్పుకున్నాడు.

ఆవిడ లెన్సు పెట్టింది. తీసి ఇంకో లెన్సు పెట్టింది. నాణేన్ని ఎడమవైపు పెట్టింది. రెండోది చూసింది, అదీ ఎడమవైపే. మూడో దాని నుంచి వేగం పెరిగింది. పదకొండూ ఎడమవైపు చేరాయి. కుడివైపు బల్ల ఖాళీగా ఉంది.

"వీటిని తీసుకోలేమండి" అంది. "ఎవరో మెరుగు పెట్టారు."

మెరుగాయన, "ఎలా చెప్తారు?" అన్నాడు. ఆ గొంతులో కోపంకంటే కుతూహలమే ఎక్కువగా ఉంది.

"ముద్ర గుద్దినప్పుడు వెండి నడుమ నుంచి అంచుల దాకా పారుతుంది. ఆ పారిన సన్న గీతలు లెన్సులో కనబడతాయి. వెలుగులో తిప్పితే నాణెం మీద ఒక మెరుపు చక్రంలా తిరిగేది వాటివల్లే. ఆ గీతలు ఒక్కసారి పోయాయంటే మళ్ళీ ఎవరూ తేలేరు. వీటి మీద అవి లేవు. ఇప్పుడివి ఉత్త వెండి, తూకానికి అమ్ముకోవాల్సిందే." ఆవిడ ఒక నాణేన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "కానీ చేసినవాళ్ళు మామూలు పనివాళ్ళు కారు. అందరూ గుడ్డపెట్టి బరబరా రాసేస్తారు, దూరం నుంచే తెలిసిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి నేను రెండు లెన్సులు మార్చాను. ఇరవై ఏళ్ళలో ఇంత చక్కగా పాడుచేసినవి చూడలేదు."

"మా నాన్నగారు చేసి ఉంటారండి" అంది చెల్లెలు, ఉన్నట్టుండి. "పోయే ముందు ఆయనకు మతి నిలకడగా ఉండేది కాదు."

తప్పించుకునే దారి చేతిలోకొచ్చి పడింది. మెరుగాయన చేయాల్సిందల్లా నోరు మూసుకుని ఒక్క నిమిషం నిలబడటం. చచ్చిపోయినవాడు వచ్చి కాదనడు. తల కాస్త వంచి పాపం అన్నట్టు మొహం పెడితే పని అయిపోయేది.

"అబ్బ, మీ నాన్నగారిది ఎంత మంచి చెయ్యండీ" అంది ఆవిడ.

"మా నాన్నకేం తెలుసు" అన్నాడు మెరుగాయన. "నేను చేశాను."

ఆ మాటను నిజాయితీ అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నలభై ఏళ్ళలో పని తెలిసినవాళ్ళు ఒకరు మొదటిసారి తన చేతిని మెచ్చుకుంటే, ఆ మెప్పు ఇంకొకరి ఖాతాలోకి, అందులోనూ ఆ తండ్రి ఖాతాలోకి పోతుంటే ఆయన తట్టుకోలేకపోయాడు. అంతకు మించి అందులో ఏమీ లేదు.

చెల్లెలు ఆయన వైపు తిరిగింది. "తెలుసు. బస్సులో మూత తీయగానే నీ కొట్టు వాసన గుప్పుమంది."

"తెలిసీ నాన్న మీద ఎందుకు చెప్పావు?"

"ఆయన్ని ఎవరైనా పొగిడితే నువ్వు ఊరుకోలేవు కదా, అందుకని. నేనడిగితే వారం రోజులు బుకాయించేవాడివి."

ఆమె చేతిసంచి తెరిచి గుండీల డబ్బీ తీసింది. తెల్ల గుండీల మధ్య నుంచి కాగితం చుట్ట ఏరి గాజు పలక కింది నుంచి లోపలికి తోసింది.

"ఇదొక్కటి కూడా చూడండి."

ఆవిడ విప్పింది. కిటికీ వైపు తిప్పింది. ఈసారి చాలాసేపు తిప్పుతూనే ఉంది. లెన్సు పెట్టి చూసి, వెనక అలమారలోంచి లావుపాటి పుస్తకం తీసి పేజీలు తిప్పి, మళ్ళీ లెన్సు పెట్టింది. "దీన్నెందుకు వదిలేశారు?" అని మెరుగాయనను అడిగింది.

జవాబు చెల్లెలే ఇచ్చింది. "తోమడానికి కూడా పనికిరాదన్నాడండి మా అన్నయ్య."

"మీ అదృష్టమమ్మా. దీని మీదున్న ఏడాది ముద్ర కొన్ని నెలలే వేశారు. ఈ నలుపంతా పైపొర, దానికింద ఒళ్ళు పుట్టినప్పుడెలా ఉందో అలాగే ఉంది. అంకె ఎంతన్నది లోపలివాళ్ళు చెప్పాలి, మూడు వారాలు పడుతుంది. కానీ ఎంత తక్కువ వేసినా, ఆ పదకొండూ బాగున్నప్పుడు ఎంత వచ్చేదో, అంతకంటే ఈ ఒక్కదానికే ఎక్కువొస్తుంది." ఆవిడ ముడిలోంచి పెన్సిలు లాగి రసీదు పుస్తకం ముందుకు జరుపుకుంది. "ఎవరి పేరున రాయమంటారు?"

మెరుగాయన గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరిదీనండి. సగం..."

"నాది" అంది చెల్లెలు, అన్న మొహం చూడకుండానే. తన పేరు చెప్పింది, ఆవిడ తప్పు రాయకుండా అక్షరం అక్షరం విడదీసి మరీ చెప్పింది. అప్పుడు తిరిగింది. "నడివీధిలో నువ్వే ఇచ్చావన్నయ్యా. మిషను కాలు కింద పెట్టుకోమన్నావు. మరి మిషను పెట్టుకోవడానికి ఒక గది ఉండాలి కదా."

"అది కాదమ్మా, నాన్న సొమ్ములో మనిద్దరికీ..."

"ఆ పదకొండూ నువ్వే తీసుకో. అందులో సగం నేనడగను. పెద్దవాడివి, పెద్ద వాటా నీదే ఉండాలి."

ఆమె మాటల్లో ఎత్తిపొడుపు వెతికాడు మెరుగాయన. దొరికితే కోపం తెచ్చుకునేవాడు, కోపం వస్తే కాస్త తేలికపడేవాడు. ఆమె ప్యాంటు కొలత చెప్పినట్టు మామూలుగా చెప్పి, రుసుము లెక్కపెట్టి కట్టి, రసీదు నాలుగు మడతలు పెట్టి గుండీల డబ్బీలో దాచుకుంది. గాజు పలక వెనక ఆవిడ పదకొండు నాణేలను కాగితాల్లో చుట్టకుండానే డబ్బాలో వేసి ఇచ్చింది. ఇక వాటికి కాగితాలు అక్కర్లేదు.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరకలేదు. ముందు సీట్లో కూర్చున్న చెల్లెలు వేళ్ళ మీద ఏదో కొలుచుకుంటోంది. గది గోడకు మిషను ఎటువైపు వస్తుందో చూసుకుంటోందని ఆయనకు అర్థమైంది. ఒళ్ళో డబ్బా ప్రతి గుంతకీ గలగలమంటోంది. ఆ మోత ఆపడానికి మూత తీసి ఒక నాణేన్ని బయటికి తీశాడు. తనకు తెలియకుండానే అంచులు పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. అటు వంచాడు, ఇటు వంచాడు. ఆవిడ చెప్పిన ఆ తిరిగే మెరుపు కోసం వెతికాడు. అది లేదు. రాజుగారి తల వెనక ఉన్న చిన్న ఖాళీ జాగాలో మాత్రం తన మొహం, మీసంలో తెల్ల వెంట్రుకలతో సహా, స్పష్టంగా కనబడుతోంది. పని చాలా బాగా కుదిరింది.